యతిస్థానం

ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద
నా రక్తపరీక్ష కాగితం.
సువర్చల దాని మీద ఎర్రపెన్నుతో రాసింది:
"అంచు మీద ఉన్నావు."
రాత్రి డ్యూటీ నర్సు మూడు ముక్కల కవిత్వం.

మర్నాటి నుంచి అన్నానికి కొలగిన్నె వచ్చింది.
బియ్యం డబ్బా మెట్ల కిందికి, వాక్యూమ్ క్లీనర్ పక్కకి మారింది.
దాని చోట్లో కొర్రలూ అరికలూ
తనిఖీకొచ్చిన అధికారుల్లా కూర్చున్నాయి.
లిన్‌థోర్ప్ రోడ్డు కొట్లో సొరకాయ ఒక్కటి
రెండున్నర పౌన్లు పోసి కొని
చంటిపిల్లలా చంకనేసుకొచ్చాను.

మేదినికి తొమ్మిదేళ్లు.
ప్యాకెట్ల మీది రంగులు బడిలో నేర్పారు:
పచ్చ, పసుపు, ఎరుపు.
ఇక మా వంటింటికి ట్రాఫిక్ పోలీసు తనే.
బిస్కెట్లు, సాసు, పెరుగు డబ్బా, అన్నీ తిప్పి చూసింది.
ఏ రంగూ లేని ఆవకాయ సీసాని
లైసెన్సు లేని బండిలా ఆపింది.
"ఇందులో ఉప్పెంత?"
"చేత్తో వేసినంత."
అది ఏ గడిలో రాయాలో పాపం తనకి తెలియలేదు.

సాకేత్‌కి ఆదివారం పొద్దున నేను పద్యం చెప్తాను.
వాడి నాలిక మీద ద్య, థ్య ఒకటే.
"నాన్నా, ఈ వారం పథ్యం కష్టంగా ఉంది,
చిన్న పథ్యం ఇవ్వవా?"
నవ్వాలో ఒప్పుకోవాలో తేలక
కొర్రల ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను.

మూడు వారాలు బాగానే నడిచాం.
నాలుగో వారానికి ఇల్లు చప్పబడింది.
కూరలో తగ్గిన కారం మాటల్లోకొచ్చింది.
లంచ్ డబ్బాలో క్యారెట్లు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి.
నా కోటు జేబులో పార్మో కొట్టు రసీదు
సువర్చల చేతికి దొరికింది.
కోడిముక్కని పలచగా కొట్టి, రొట్టెపొడి అద్ది వేయించి,
తెల్ల సాసు పోసి, పైన చీజు కరిగించిన
మిడిల్స్‌బరో మహాపాపం.
బస్టాపులో నిలబడి, చలికి వణుకుతూ,
అటూ ఇటూ చూస్తూ తిన్నది.
"రుచైనా తెలిసిందా?" అందంతే.
తెలియలేదు.
దొంగతిండికి రుచి ఉండదు, వేగం ఉంటుంది.

తను ఇంకేమీ అనలేదు.
యూనిఫాం జేబు తిరగేసింది:
మూడు చాక్లెట్ కాగితాలు.
ఇంటికెళ్లిపోతూ పేషెంట్లు వార్డులో వదిలినవి,
తెల్లవారుజాము నాలుగింటికి మందుల గది తలుపు వెనక నమిలినవి.
పేకాటలో ముక్కలు దించినట్టు
బల్ల మీద దించుకున్నాం ఇద్దరం.

ఆ ఆదివారం రెడ్‌కార్ వెళ్లాం, రైల్లో పావుగంట.
సముద్రం బూడిదరంగులో ఉంది.
గాలి మాస్టారిలా చెవులు మెలేస్తోంది.
అయినా కొట్టు ముందు క్యూ.
నాలుగు లెమన్ టాప్‌లు:
కింద పాలతెలుపు, నెత్తిన పుల్లటి పసుపు టోపీ.
మేదిని కోన్‌ని చుట్టూ తిప్పి చూసింది.
"దీని మీద రంగు రాయలేదు."
"పసుపే కదా కనిపిస్తోంది," అన్నాడు సాకేత్,
దాన్నే మూతి నిండా పూసుకుని.
నేను నెమ్మదిగా తిన్నాను,
ముగ్గురూ చూస్తుండగా.
నిమ్మ పులుపు పళ్లు దాటి
ఎక్కడో పాత చోటికి చేరింది.

తిరిగొస్తుంటే రైల్లో వాడికి చెప్పాను:
పద్యం గబగబా పోకూడదురా,
నడుమ ఒకచోట ఆగాలి. దాన్ని యతి అంటారు.
ఆగిన చోటి అక్షరం
పాదం మొదటి అక్షరానికి చుట్టం కావాలి.
"కాకపోతే?"
"పద్యం కుంటుతుంది."
వాడు కిటికీకి ముక్కు ఆనించి ఒక స్టేషను దూరం ఆలోచించాడు.
"మరి ఐస్‌క్రీం దేనికి చుట్టం?"
కళ్లు మూసుకున్న సువర్చల నవ్వింది,
నిద్రపోలేదన్నమాట.

ఇల్లు చేరేసరికి ఏడు.
సొరకాయ పప్పు, కొలగిన్నెడు అన్నం.
ఆవకాయ సీసా బల్ల మధ్యకొచ్చింది.
మూత మీద మేదిని కొత్తగా అంటించిన కాగితం,
సగం పసుపు, సగం ఎరుపు, క్రేయాన్లతో దిద్దినది.
కింద వంకర అక్షరాల్లో తెలుగు:
"కొంచం."
ఎంత కొంచమో రాయలేదు.